అయ్యంకివారికి మన బాకీ

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని మన సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు వెంటనే తోచిన పేరు కీర్తిశేషులు అయ్యంకి వెంకటరమణయ్యగారిది. పేరు మనలో చాలామందికి తెలిసినదే. ఏటా గ్రంథాలయ వారోత్సవాలప్పుడు ఆయన పటానికి దండ వేస్తాం, గ్రంథాలయ పితామహుడని నాలుగు మాటలు చెప్పుకుంటాం, ఇంటికి వస్తాం. ఆయన చేసిన పనికీ, మనం కట్టే ఇంటిపన్ను రసీదుకూ ఉన్న సంబంధం గురించి ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను కూడా ఆలోచించలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

వెంకటరమణయ్యగారు 1890 జూలై 24న తూర్పు గోదావరి జిల్లా కొంకుదురు గ్రామంలో జన్మించారు. 1907లో బిపిన్ చంద్రపాల్ మన ప్రాంతంలో పర్యటించి జాతీయోద్యమ ఉపన్యాసాలిచ్చినప్పుడు ఆయనకు పదిహేడేళ్లు నిండలేదు. ఆ ఉపన్యాసాల ప్రభావం ఆయన మీద గాఢంగా పడింది. 1910లో, ఇరవై ఏళ్లయినా రాకముందే, మచిలీపట్నం నుంచి 'ఆంధ్రభారతి' అనే సచిత్ర మాసపత్రికను నడిపారు. గురజాడవారి 'దిద్దుబాటు' కథ ఆ సంవత్సరం అచ్చయింది ఆ పత్రికలోనే. ఒక్క ఆ కథ చాలు, ఆ పత్రిక పేరు సాహిత్య చరిత్రలో నిలవడానికి.

అయితే పత్రిక వేసినంత మాత్రాన పని పూర్తికాదు గదా! ఆ రోజుల్లో పల్లెల్లో చదువు వచ్చినవారు బహు తక్కువ. వచ్చినవారిలోనూ పుస్తకం కొనుక్కోగల స్థోమత ఉన్నవారు మరీ తక్కువ. పుస్తకమే మనిషి దగ్గరకు వెళ్లాలి, చదవలేనివానికి మరొకరు చదివి వినిపించాలి. వెంకటరమణయ్యగారి మిగిలిన జీవితమంతా ఈ పనికే అంకితమైంది.

గ్రంథాలయాలు ఆయనతోనే పుట్టలేదు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901లోనే వెలిసింది. అక్కడక్కడా ఊళ్లలో ఉత్సాహవంతులు చిన్న చిన్న పఠన మందిరాలు పెట్టుకున్నారు. కాని ఎవరిది వారిదే. పెట్టినవారు ఊరు విడిచి వెళితే బీరువాకు తాళం పడేది. వీటన్నిటినీ ఒక్క తాటి మీదికి తేవడమే అయ్యంకివారి ప్రత్యేకత. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశంలోని గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిపించారు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అధ్యక్షత వహించారు. కంటిచూపు లేని ఆ మహాకవి గ్రంథాలయ సభకు అధ్యక్షులు కావడం తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆ సభలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. మరుసటి ఏడు, 1915లో, 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక ప్రారంభమైంది.

ఆయన పద్ధతుల్లో నాకు ఎక్కువగా నచ్చినది గ్రంథాలయ యాత్ర. తీర్థయాత్రకు వెళ్లినట్లు కార్యకర్తలు ఊరూరా తిరిగేవారు. గ్రంథాలయం ఉన్నచోట దాన్ని చూసి ప్రోత్సహించేవారు. లేనిచోట ఊరి పెద్దలను కూడగట్టి పెట్టించేవారు. ప్రభుత్వ నిధి లేదు, జీవో లేదు, జీతం లేదు. ఊరివారి చందా, ఊరివారి గది, ఊరివారి శ్రమ. దేవాలయంలో ఒక గదో, సత్రంలో ఒక అరుగో దొరికితే చాలు.

అటువంటి గది ఒకటి నా చిన్నతనంలో మా ఊరి రామాలయం పక్కన ఉండేది. మధ్యాహ్నం బస్సుకు దినపత్రిక వచ్చేది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఒకరు పైకి చదివేవారు, అరుగు మీద కూర్చుని పదిమంది వినేవారు. మా తాతగారు వేలిముద్ర మనిషి. అయినా నాగార్జునసాగర్ పనులు ఎంతవరకు వచ్చాయో ఆయనకు తెలుసు. పంట ధర గురించి షావుకారుతో వాదించేవారు. ఆ ధైర్యం ఎక్కడిదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

వెంకటరమణయ్యగారి దృష్టి ఆంధ్రదేశంతో ఆగలేదు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగేటట్లు చేశారు. బరోడా సంస్థానంలో గ్రంథాలయాల బాధ్యత చూసిన కుడాల్కర్ గారు దానికి అధ్యక్షులు. గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14న మొదలయ్యేది నెహ్రూగారి పుట్టినరోజు కాబట్టే అని మనలో చాలామంది అనుకుంటారు. గ్రంథాలయాల వారికి ఆ తేదీ ఈ మహాసభ దినం కూడా. 1924లో ఆయన ఇంగ్లీషులో 'ఇండియన్ లైబ్రరీ జర్నల్' కూడా వెలువరించారు.

ఆ స్ఫూర్తితో మరికొందరు మహనీయులు ఈ పనికి అంకితమయ్యారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు సంఘానికి అధ్యక్షులై గ్రంథాలయానికి వయోజన విద్యను జోడించారు. గుంటూరు జిల్లా పెదపాలేనికి చెందిన పాతూరి నాగభూషణంగారు 1935లో కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. కాలువగట్టు ఊళ్ల ముంగిటికే పుస్తకం వెళ్లింది.

స్వరాజ్యం వచ్చాక మద్రాసు రాష్ట్రంలో 1948లో గ్రంథాలయ చట్టం వచ్చింది. హైదరాబాదు రాష్ట్రంలో 1955లో మరొకటి వచ్చింది. రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసే ఏర్పాటు జరిగింది. అది తర్వాత రూపాయికి ఎనిమిది పైసలయింది. వెయ్యి రూపాయల ఇంటిపన్నుకు ఎనభై రూపాయలు పుస్తకాల పద్దన్నమాట. వసూలు చేసేది స్థానిక సంస్థ, చేరవలసింది గ్రంథాలయ సంస్థకు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను గుమాస్తాగా పనిచేసిన ఒక కార్యాలయంలో పన్నుల రిజిస్టరు నా చేతిలో ఉండేది. గ్రంథాలయ పన్ను వసూలయ్యేది. కాని జీతాలకు చాలలేదనో, కరెంటు బిల్లు ముంచుకొచ్చిందనో ఆ సొమ్ము వాడేసేవారు. బకాయి వచ్చే త్రైమాసికంలో చెల్లించవచ్చునని నోటు వ్రాసింది నేనే. ఒకసారి కాదు, వరుసగా వ్రాశాను. పైవారి మాట ప్రకారమే వ్రాశాను, నిజమే. కాని ఆ ఊరి శాఖా గ్రంథాలయంలో కొత్త పుస్తకం రాక, పత్రికలు తగ్గిపోయి, కప్పు కారుతూ ఉంటే చూస్తూ కూడా వ్రాశాను. ఊరివారు పిడికెడు గింజలతో నిలబెట్టుకున్న సంస్థకు చట్టం ఆధారం కల్పిస్తే, ఆ ఆధారాన్ని కాగితం మీద కోసినవాళ్లలో నేనొకణ్ణి.

వెంకటరమణయ్యగారిని భారత ప్రభుత్వం 1972లో పద్మశ్రీతో గౌరవించింది. 1979 మార్చి 7న ఆయన కన్నుమూశారు. ఎనభై ఎనిమిదేళ్ల జీవితంలో ఆరు దశాబ్దాలకు పైగా ఒకే పని. ఆస్తి అని చెప్పుకోదగినది తెలుగునాట ఊరూరా మిగిలిన గ్రంథాలయాలే.

ఇక మనకు మిగిలినదేమిటి? ఈ వయసులో మనం ఊరూరా తిరగలేం. కాని మన సభ్యులు లేని ఊరు తక్కువ. నేను మూడేళ్లుగా మా శాఖా గ్రంథాలయానికి రోజూ సాయంత్రం వెళ్లి ఒక గంట కూర్చుంటున్నాను. నలుగురైదుగురు పిల్లలు వస్తారు, వాళ్లచేత పైకి చదివిస్తాను. మీరూ అలా చేయండని మనవి. మరొకటి. మీ ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయ పన్ను గడి చూడండి. ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థకు జమ అయిందా అని సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. నోట్లు వ్రాయడం మనకు అలవాటైన విద్యే. చెల్లించకుండా ఉండటానికి ఎన్నో వ్రాశాం. చెల్లించమని ఒకటి వ్రాద్దాం.