అద్దాలు లేని వార్డు.. సైనికులకు ముఖాలు తిరిగిచ్చిన డాక్టర్ హెరాల్డ్ గిల్లీస్ కథ

ప్లాస్టిక్ సర్జరీ అనగానే మనకు సినిమావాళ్ల ముక్కు, పెదాలే గుర్తొస్తాయి. కానీ ఈ వైద్యం ఇప్పుడున్న రూపానికి వచ్చింది మొదటి ప్రపంచ యుద్ధంలో.. దవడ ఎగిరిపోయిన, ముక్కు పోయిన సైనికుల మంచాల దగ్గర. అందులో పెద్ద పేరు హెరాల్డ్ గిల్లీస్‌ది.

1882లో న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో చదువు, లండన్‌లో డాక్టరీ. చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌గా ప్రాక్టీస్. గోల్ఫ్ అంటే పిచ్చి. 1915లో యుద్ధ సేవలకు ఫ్రాన్స్ వెళ్లాక కథ మారింది. కందకంలోంచి తల కాస్త పైకెత్తితే చాలు, తూటా ముఖానికే తగిలేది. పారిస్‌లో మోరెస్టిన్ అనే సర్జన్ ఆపరేషన్ చూశాక తన దారి ఇదేనని గిల్లీస్ ఫిక్సయిపోయారు.

1916లో ఇంగ్లండ్‌లోని ఆల్డర్‌షాట్ ఆస్పత్రిలో ప్రత్యేక వార్డు పెట్టించారు. అదే ఏడాది జులైలో సోమ్ యుద్ధం. 200 మంది వస్తారనుకుంటే దాదాపు 2,000 మంది వచ్చిపడ్డారు! వార్డులో అద్దాలు ఉండనిచ్చేవారు కాదు. చోటు చాలక 1917లో సిడ్‌కప్‌లో పెద్ద ఆస్పత్రే తెరిచారు. అక్కడ రోడ్డు పక్కన కొన్ని బెంచీలకు నీలం రంగు వేశారు. ఎందుకో తెలుసా? వాటిపై కూర్చున్న పేషెంట్ల ముఖం చూసి జనం జడుసుకోకుండా, ముందే తెలియాలని.

ఇక అసలు విషయం. ఒంట్లో వేరే చోటి చర్మాన్ని ముఖానికి వేయాలంటే, దానికి రక్తం అందుతూ ఉండాలి. అందుకే ఒక చివర ఒంటికి ఉంచేసి, రెండో చివరను గాయం మీద కుట్టేవారు. మధ్యలో పచ్చిగా ఉండే భాగానికి చీము పట్టేది. పెన్సిలిన్ ఇంకా లేని రోజులవి. 1917 అక్టోబర్‌లో, జట్లాండ్ నౌకా యుద్ధంలో ముఖం కాలిపోయిన వికరేజ్ అనే నావికుడికి ఆపరేషన్ జరుగుతోంది. లేపిన చర్మం అంచులు వాటంతటవే లోపలికి ముడుచుకోవడం గిల్లీస్ కంటపడింది. రెండు అంచులూ కలిపి గొట్టంలా కుట్టేశారు. అంతే! పచ్చి భాగం లోపలికి పోయింది, ఇన్ఫెక్షన్ తగ్గింది, రక్తం ఆగలేదు. కొన్ని వారాలకు కొత్త చోట రక్తం పట్టాక గొట్టాన్ని కోసేస్తారు. దీని పేరే ట్యూబ్ పెడికిల్. ఒడెస్సాలో ఫిలాటోవ్ అనే డాక్టర్ అంతకుముందే విడిగా ఈ పద్ధతి కనిపెట్టారు.

నుదుటి చర్మంతో ముక్కు కట్టే పద్ధతినీ గిల్లీస్ వాడారు. అది మన దేశానిదే. పుణె దగ్గర జరిగిన అలాంటి ఆపరేషన్ గురించి 1794లోనే లండన్ పత్రికలో వచ్చింది.

అన్నీ సక్సెస్ కాలేదు. ముఖమంతా కాలిన ఓ కుర్ర పైలట్‌కు ఛాతీ చర్మాన్ని పెద్ద ముక్కగా ఒకేసారి వేశారు. అది నిలవలేదు. 1918లో అతను చనిపోయాడు. తొందరపడకుండా దఫదఫాలుగా చేయాల్సిందన్న పాఠం గిల్లీస్ అక్కడే నేర్చుకున్నారు. అప్పటికే ఒక ప్రాణం పోయింది.

సిడ్‌కప్‌లో 5,000 మందికి పైగా సైనికులకు, 11,000కు పైగా ఆపరేషన్లు జరిగాయి. సర్ బిరుదు మాత్రం 1930లో గానీ రాలేదు. లేటే అని చెప్పాలి. 1940ల్లో మైఖేల్ డిల్లన్‌కు లింగమార్పిడి సర్జరీలు చేసిందీ ఈయనే.

78 ఏళ్ల వయసులోనూ కత్తి వదల్లేదు. 1960 ఆగస్టులో ఓ అమ్మాయి కాలికి ఆపరేషన్ చేస్తుండగానే ఆరోగ్యం దెబ్బతింది. సెప్టెంబర్ 10న కన్నుమూశారు.