అద్దె వసూలు చేసిన పరిచారకురాలు
ఆక్టేవియా హిల్ జీవిత వృత్తాంతము

ధ్యాన భాగము: నెహెమ్యా గ్రంథము, 3వ అధ్యాయము



నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము వచ్చినప్పుడు మనలో అనేకులము దానిని త్వరగా దాటిపోవుదుము. పేర్లు తప్ప అందులో మరేమియు లేదని తలంచుదుము. అయితే ఆ పేర్లను నిదానించి చూడుడి. యాజకులు ఒక గుమ్మము కట్టిరి. కంసాలులు ఒక భాగము బాగుచేసిరి. పరిమళ ద్రవ్యములు చేయువారు మరియొక భాగము పట్టుకొనిరి. షల్లూము అనువాడు తన కుమార్తెలను వెంటబెట్టుకొని వచ్చెను. కొందరు తమ యింటి యెదుటనున్న భాగమునే కట్టిరి. ఆ గోడను నెహెమ్యా ఒక్కడే కట్టలేదు. కట్టువారిని ఒకరి ప్రక్కను ఒకరిని నిలువబెట్టుటయే అతని గొప్ప పని.

ఈ అధ్యాయము చదువునప్పుడెల్ల ఇంగ్లాండు దేశపు స్త్రీ యొకతె నాకు జ్ఞాపకము వచ్చును. ఆమె కట్టినది పట్టణపు గోడ కాదు; బీదలు తల దాచుకొను ఇండ్లను ఆమె బాగుచేసెను.

బాల్యము

ఆక్టేవియా హిల్ 1838వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన ఇంగ్లాండు తూర్పు భాగమందలి విస్బెచ్ అను చిన్న పట్టణములో జన్మించెను. తండ్రి జేమ్సు హిల్ ధాన్యపు వర్తకుడు. 1840లో ఆయన దివాలా తీసెను. ఆ దెబ్బకు ఆయన మనస్సు చెదరి, కుటుంబమును పోషింపలేని స్థితికి వచ్చెను. తల్లి కారొలైన్ తన తండ్రియైన సౌత్‌వుడ్ స్మిత్ గారి ఆదరణతో పిల్లలను పెంచెను. ఈ తాతగారు వైద్యుడు. లండనులో జ్వరముల ఆసుపత్రిలో పనిచేసినవాడు. మురికి కాలువలును, గాలి చొరని గదులును బీదలను ఎట్లు చంపుచున్నవో ప్రభుత్వమునకు విన్నవించినవాడు. ఇల్లు చెడిపోయిన తండ్రి, ఇండ్ల చెడుగును ఎరిగిన తాత – ఈ యిద్దరి మధ్య ఆ బిడ్డ పెరిగెను.

1852లో లండనులో క్రైస్తవ సోషలిస్టులని పేరుపొందిన కొందరు స్త్రీల కొరకు ఒక సహకార పనిశాల తెరచిరి. కారొలైన్ దానికి పెద్దగా నియమింపబడెను. అక్కడ బొమ్మలు చేయు బీదపిల్లల గదిని 14 ఏండ్ల ఆక్టేవియాకు అప్పగించిరి. ఆమె ఆ పిల్లల చేత పని చేయించుటతో తృప్తి చెందక వారి యిండ్లకు వెళ్లెను. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబము క్రిక్కిరిసి యుండుట చూచెను. ఆ దినములలోనే ఎఫ్. డి. మారిస్ అను గొప్ప బోధకుని పరిచయమాయెను. ఆయన బోధవలన ఆమె ఆంగ్లికన్ సంఘములో చేరి విశ్వాసమందు స్థిరపడెను.

పరదైసు అను పేరుగల మురికివాడ

ఆక్టేవియాకు చిత్రలేఖనము తెలియును. ప్రసిద్ధ రచయిత జాన్ రస్కిన్ గారి కొరకు చిత్రములకు నకలు తీయుచు ఆమె కొన్ని సంవత్సరములు జీవనము చేసెను. 1864లో రస్కిన్ తండ్రి మరణింపగా గొప్ప ఆస్తి ఆయన చేతికి వచ్చెను. దానిలో కొంత మంచి పనికి వినియోగింపవలెనని ఆయన తలంచెను. ఆక్టేవియా తన చిరకాలపు కోరిక తెలిపెను. 1865లో రస్కిన్ 750 పౌన్లు ఇచ్చి లండనులోని మేరిల్‌బోన్ ప్రాంతమున మూడు చిన్న యిండ్లు కొనెను. ఆ సందు పేరు పారడైజ్ ప్లేస్, అనగా పరదైసు. పేరు మాత్రమే పరదైసు. లోపల గోడల కాగితములు నల్లబడి వ్రేలాడుచుండెను. మురుగు కాలువలు పూడిపోయెను. మెట్ల ప్రక్కనుండిన కర్రలను విరిచి పొయ్యిలో పెట్టిరి.

రస్కిన్ ఒక మాట చెప్పెను. పెట్టిన ధనముమీద ఏటా నూటికి 5 వంతులు ఆదాయము రావలెను. దాతృత్వమునకు ఆదాయమేల అని మనమడుగవచ్చును. ఆయన ఆలోచన యేమనగా, ఈ పనిలో ధనము మునిగిపోవునని లోకము తలంచిన యెడల మరి యెవరును ముందుకు రారు. ధర్మముగా నడుపుచునే కొంత ఆదాయము వచ్చునని చూపిన యెడల అనేకులు వచ్చెదరు. ఆలాగే జరిగెను.

ఆమె చేసిన విధము

ఆక్టేవియా మొదట కాలువలు త్రవ్వించి, నీటి వసతి బాగుచేయించెను. అద్దె కొరకు ప్రతి వారము తానే గడపగడపకు వెళ్లెను. అద్దె విషయములో ఆమె కఠినురాలు. బాకీ పెరుగనియ్యలేదు, ఇయ్యనొల్లనివారు ఇల్లు విడువవలసి వచ్చెను. అయితే యజమానుని బాధ్యత విషయములో అంతకంటెను కఠినురాలు. కప్పు కారిన యెడల, కిటికీ విరిగిన యెడల, బాగుచేయించుట తన వంతు అని యెంచెను. ఒక్క గదిలో ఇరుకున పడిన కుటుంబమునకు తక్కువ అద్దెకే రెండవ గది దొరకునట్లు చూచెను.

ఏటేటా మరమ్మతుకు కొంత సొమ్ము ప్రత్యేకించెడిది. జాగ్రత్తగా నుండుటవలన దానిలో మిగిలినది వెనుకకు పోదు. దానితో ఏమి చేయింపవలెనో అద్దెకున్నవారే కోరుకొనవచ్చును. కాబట్టి మెట్లు పాడుచేయువానిని పొరుగువాడే వారించెను. పనులు దొరకని కాలములో ఆ యిండ్ల మరమ్మతు పనినే అందలి పురుషులకిచ్చెను. ఎదిగిన బాలికలకు మెట్లు కడుగు పనినిచ్చి కూలి చెల్లించెను. చేయి చాచువారికి బిచ్చమిచ్చుటకంటె, చేయిగలవారికి పని చూపుట మేలని ఆమె నమ్మకము.

మరుసటి సంవత్సరము ఫ్రెష్‌వాటర్ ప్లేస్ అనుచోట మరికొన్ని యిండ్లు చేరెను. అక్కడ పిల్లలు ఆడుకొనుటకు ఒక చోటు ఏర్పరచెను.

అనేకుల చేతులు

పని పెరిగినకొలది ఇది ఒక్కరి వలన కాదని ఆమె గ్రహించెను. ధనముగలవారు ఇండ్లు కొని ఆమెకు అప్పగించుచుండిరి. చదువుకొనిన స్త్రీలను ఆమె చేర్చుకొని, లెక్కలు వ్రాయుట, మరమ్మతులు చూచుట, గడపయొద్ద మర్యాదగా మాటలాడుట నేర్పెను. ఎమ్మా కాన్స్ అను స్నేహితురాలు మొదటినుండి ఆమెతో పనిచేసెను. 1874 నాటికి 15 చోట్ల, సుమారు 3,000 మంది అద్దెదారులు వారి పోషణ క్రింద నుండిరి.

ఆ కాలమున లండనులో ధర్మ సంఘములకు కొరత లేదు. కొరత యేమనగా ఒక సంఘము చేయునది మరియొక సంఘమునకు తెలియదు. ఒక్క యింటికి ముగ్గురు సహాయము పంపుదురు. ప్రక్క యింటి విధవరాలి తలుపు తట్టువాడు లేడు. ఈ చెడుగును మాన్పుటకు 1869లో ధర్మ సంఘముల కూటమి ఒకటి స్థాపింపబడగా, ఆక్టేవియా అందులో ముందు నిలిచెను. దేవాలయపు తరపున ఇండ్లు దర్శించువారును, బీదల చట్టము ప్రకారము సహాయమిచ్చు అధికారులును, ఈ కూటమియు ఒకరికొకరు వర్తమానము తెలుపుకొనునట్లు ఆమె మేరిల్‌బోనులో పాటుపడెను. ఆమె సహోదరి మిరాండా 1876లో మరియొక సంఘము ప్రారంభించెను. బీదల వాడలలోనికి పూలు, సంగీతము, రంగులు తెచ్చుట దాని ఉద్దేశము.

1877లో గొప్ప శోధన కలిగెను. లోకవ్యవహారములు నడుపుటలో రస్కిన్ సమర్థుడు కాడని ఆమె అనినట్లు ఆయన వినెను. ఆయన కోపగించి వారి మధ్య నడచిన ఉత్తరములను అచ్చువేసెను. ఆమె హృదయమును శరీరమును కృశించి, పని విడిచి పరదేశములకు వెళ్లి విశ్రమింపవలసి వచ్చెను. అయితే చూడుడి, ఇండ్లు కూలిపోలేదు. ఆమె నేర్పిన స్త్రీలు వారము వారము ఆ మెట్లెక్కుచునే యుండిరి. ఒకరిమీదనే నిలిచిన పని ఆ యొకరితో పడిపోవును; పలువురిమీద నిలిచినది నిలుచును.

సంఘమే ఇంటి యజమాని అయినప్పుడు

ఇచ్చట మనము తల వంచుకొనవలసిన సంగతి యొకటి యున్నది. దక్షిణ లండనులో చెడిపోయిన యిండ్లలో కొన్ని ఇంగ్లాండు సంఘపు భూములమీదనే యుండెను. ఎన్నో యేండ్ల క్రిందట కౌలుకిచ్చి, ఆదాయము పుచ్చుకొనుచు, లోపల ఎవరు ఎట్లు జీవించుచున్నారో సంఘము చూడలేదు. ఆదివారమున బీదల కొరకు ప్రార్థన, సోమవారమున వారి పాడు గదుల అద్దె! 1884లో సంఘపు ఆస్తులను చూచు కమిషనర్లు అట్టి యిండ్లను ఆక్టేవియా చేతికి అప్పగించిరి. ఆమె వారిని దూషించి ఊరకుండలేదు. వారి భూమిని వారికి చూపెను. తరువాతి కాలమున పాత యిండ్లు తీసి క్రొత్తవి కట్టించునప్పుడు ఆమె ఆలోచన తీసుకొనిరి.

సదర్కు ప్రాంతమందు పాడుబడిన కాగితపు కర్మాగారపు స్థలమును వారు ఇయ్యగా, 1887లో అక్కడ రెడ్ క్రాస్ తోట తెరువబడెను. భూమి సంఘముది; ధనము దాతలది; ఇండ్ల నమూనా ఎలైజా హూల్ అను శిల్పిది. తోట ప్రక్కను చిన్న యిండ్ల వరుసయు, కూడుకొనుటకు ఒక మందిరమును లేచెను. ఆ తోట నేటికిని ఉన్నది. 1895లో మరి యిద్దరితో కలిసి ఆమె నేషనల్ ట్రస్టును స్థాపించెను. పచ్చిక బయళ్లు, కొండలు అందరివిగా నుండవలెనని ఆమె కోరిక.

ఆమె చూడలేనిది

ఈమెయందు లోపములు లేవని నేను చెప్పను. వారము వారము కూలి దొరకని కడు బీదలు ఆమె యిండ్లలో నిలువలేకపోయిరి. పట్టణ ప్రభుత్వము బీదలకు ఇండ్లు కట్టించుటను ఆమె వ్యతిరేకించెను. అయినను లండను కౌంటీ కౌన్సిలు 1900లో బౌండరీ ఎస్టేటు అను గొప్ప నివాస సముదాయమును తెరచెను. ఆ తరువాత ఆ దేశములో లక్షలాది కుటుంబములకు ఇల్లు దొరకినది ఆ మార్గముననే. అవసరత అంత గొప్పది. ప్రైవేటు సంఘములు ఎన్ని కలిసినను చాలనంతటిది. నెహెమ్యాకు రాజు అడవి నుండి మ్రానులు రావలసియుండెను గదా! ఆక్టేవియా రాజు మ్రానులను ఒల్లలేదు. ఇది ఆమె తప్పిదమని చరిత్ర తేల్చెను. అయితే ప్రభుత్వము కట్టిన యింటికిని గడపయొద్దకు వచ్చి కప్పు కారుచున్నదా అని అడుగువారు కావలెనని ఆమె చూపినది పోలేదు. ఆమె మార్గమున నేర్చుకొనిన స్త్రీలు 1916లో తమ సంఘమును ఏర్పరచుకొనిరి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1896లోనే ఆమె పేరట ఒక సంఘము పుట్టెను.

ఆక్టేవియా హిల్ 1912 ఆగస్టు 13వ తేదీన తన 73వ యేట నిద్రించెను. రాజులు నిద్రించు వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేయవచ్చునని చెప్పినను, ఆమె కోరిక చొప్పున కెంటు సీమలోని క్రాకమ్ హిల్ అను పల్లెటూరి దేవాలయపు తోటలో, మిరాండా ప్రక్కను సమాధి చేసిరి.

సహోదరులారా, సహోదరీలారా, మన వీధిలో వర్షమునకు ఒక విధవరాలి కప్పు కారినప్పుడు ఏమి జరుగును? స్త్రీల సమాజము వేరుగా, యువజనులు వేరుగా, సంఘ పెద్దలు వేరుగా, పంచాయితీ వేరుగా జాలిపడుదురు. ఒకరి దగ్గర తాటాకులున్నవి, ఒకరి దగ్గర కూలికి నాలుగు రూపాయలున్నవి, ఒకరి దగ్గర బలమున్నది, ఒకరు దరఖాస్తు వ్రాయగలరు. ఈ నలుగురును ఒక సాయంకాలము ఆమె ముంగిట కూర్చుండుటకు పిలుచువాడు లేడు. తెకోవ ఊరి గొప్పవారు పనికి మెడ వంచలేదని లేఖనము వారి పేరట వ్రాసి ఉంచినది. షల్లూము కుమార్తెలు పనిచేసిరని కూడ వ్రాసి ఉంచినది.

ఈ నెలలో నెహెమ్యా 3వ అధ్యాయము ఇంటిల్లిపాది కలిసి చదువుడి. చదివిన పిమ్మట తలుపు తెరచి, మీ యింటి యెదుటనున్నది ఎవరి కప్పో చూడుడి.