ఫిల్ము లేని సినిమా బడి

మన బడి స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు, ముప్పయ్యేళ్లుగా హైటెన్షన్ లైన్లూ టవర్లూ చూసుకుంటూ బతికినవాణ్ణి, నాకు రాతలేం వచ్చునని తప్పించుకోబోయాను. తీరా కాగితం ముందు కూర్చుంటే మన సైన్సు మాస్టారూ, ఆయన వెనకాలే నేనెన్నడూ చూడని ఒక రష్యన్ మాస్టారూ గుర్తొచ్చారు. ఆ రెండో ఆయన పేరు లెవ్ కులెషోవ్.

ఆయన్ని నాకు పరిచయం చేసింది మా అమ్మాయి. ఇంటర్ అయ్యాక ఇంజనీరింగ్ వద్దు, యూనివర్సిటీలో సినిమా తీయడం చదువుతానంది. సినిమాకి చదువేమిటి, ఎవరి దగ్గరైనా అసిస్టెంటుగా చేరితే వచ్చే పనేగా అని నా వాదన. అసలు భయం ఉద్యోగం గురించి. రెండు నెలలు ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. చివరికి ఫీజు కట్టాను కానీ మనసొప్పి కట్టలేదు. మొదటి సెలవులకి వచ్చినప్పుడు తను కులెషోవ్ గురించి చెప్పింది. ఆయన మొదటి సినిమాల్లో ఒకదానికి కథానాయకుడు ఇంజనీరనీ, అందులో కరెంటు లైన్లు కూడా కనిపిస్తాయనీ ఊరించింది. ఆ ఎరకి చిక్కాను.

కులెషోవ్ 1899లో రష్యాలోని తంబోవ్ పట్టణంలో పుట్టారు. 1911లో తండ్రి పోయారు. కొన్నేళ్లకి తల్లితో కలిసి మాస్కో చేరారు. అక్కడ చిత్రకళ నేర్పే విద్యాలయంలో చేరారు కానీ పూర్తి చేయలేదు. 1916లో, పదిహేడేళ్ల వయసులో, ఖాన్‌జోంకోవ్ సినిమా కంపెనీలో సెట్లు గీసే పనికి కుదిరారు. అప్పట్లో గొప్ప పేరున్న దర్శకుడు యెవ్‌గేనీ బావర్ దగ్గర పని నేర్చుకున్నారు. ఆ గురువు మరుసటి ఏడే కన్నుమూశారు. అదే ఏడు రష్యాలో విప్లవం వచ్చింది.

1918లో వచ్చిన ‘ఇంజనీర్ ప్రైట్ ప్రాజెక్టు’ తీసేటప్పుడు కులెషోవ్‌కి ఒక చిక్కొచ్చింది. తండ్రీ కూతురూ పొలంలో నడుస్తూ కరెంటు తీగలు మోసే స్తంభాన్ని చూడాలి. మనుషులున్న చోట స్తంభం లేదు, స్తంభమున్న చోటికి మనుషుల్ని తీసుకెళ్లే వీల్లేదు. దాంతో మనుషులు చూడటాన్ని ఒకచోట, స్తంభాన్ని ఇంకోచోట విడివిడిగా తీసి, రెండు ముక్కలూ అతికించారు. తెరమీద చూస్తే అంతా ఒకే పొలం! అవసరానికి చేసిన అతుకులో ఒక సూత్రం ఉందని గ్రహించడమే ఆయన గొప్పతనం. షాట్లు ఇటుకల్లాంటివి, వాటిని పేర్చే వరసలోనే అర్థం పుడుతుంది.

1919లో మాస్కోలో ప్రభుత్వ సినిమా బడి మొదలైంది. ఈనాటి వి.జి.ఐ.కె. యూనివర్సిటీ అదే. ప్రపంచంలో మొట్టమొదటి సినిమా బడిగా దాన్ని చెప్పుకుంటారు. ఇరవై ఏళ్లు నిండిన కొత్తల్లోనే కులెషోవ్ అక్కడ పంతులయ్యారు. అంతర్యుద్ధం రోజులవి. తిండికి కరువు, వెచ్చదనానికి కట్టెల కరువు, అన్నిటినీ మించి ఫిల్ముకి కరువు. విదేశాల నుంచి సరుకు రావడం ఆగిపోయింది. నటన పరీక్షలో తప్పిన కొందరు పిల్లల్ని ఆయన చేరదీసి, కొత్త పద్ధతిలో తయారుచేసి మళ్లీ పరీక్షకి పంపారు. ఈసారి నెగ్గారు. కులెషోవ్ బృందం అలా మొదలైంది.

ఫిల్ము లేకుండా సినిమా ఎలా నేర్పడం? ఫిల్ము లేని సినిమాలు తీయించారాయన. పిల్లలు కథ రాసుకోవాలి, షాట్లుగా విడగొట్టుకోవాలి, ఒక్కో షాట్‌నీ చిన్న వేదిక మీద ఆడి చూపించాలి. తెర మూసి తెరిస్తే ఒక షాట్ అయిపోయి ఇంకోటి వచ్చినట్టు. చెయ్యి ఎంత దూరం కదలాలి, ఎన్ని క్షణాలు పట్టాలి, అన్నీ లెక్కే. ఒక్క అడుగు ఫిల్ము ఖర్చు కాకుండా వాళ్లకి సినిమా పట్టుబడింది.

ఇది చదివినప్పుడే నాకు మన సైన్సు మాస్టారు కళ్లముందు కదిలారు. పేరు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో చదివినవాళ్లందరికీ తెలుసు. ల్యాబు అనే గదిలో రెండు బీకర్లూ, ముల్లు విరిగిన అమ్మీటరూ తప్ప ఏమీ ఉండేవి కావు. ఆయన మనల్ని మైదానంలో గుండ్రంగా నిలబెట్టి, చేతికి చింతపిక్కలిచ్చి, ఒకరి నుంచి ఒకరికి అందించమనేవారు. ఒకడు బ్యాటరీ, ఒకడు బల్బు. బల్బు దగ్గర పిక్కలు తగ్గవనీ, ఎన్ని వెళ్తే అన్నీ తిరిగొస్తాయనీ కళ్లారా చూశాం. తర్వాత కాలేజీలో అసలు అమ్మీటరు పట్టుకున్నప్పుడు నాకది కొత్తగా అనిపించలేదు.

కాస్త ఫిల్ము దొరికాక కులెషోవ్ ప్రయోగాలు చేశారు. మొజ్జూఖిన్ అనే ప్రముఖ నటుడి ముఖాన్ని, ఏ భావమూ లేని ఒకే షాట్‌ని, ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఇంకోసారి శవపేటిక పక్కన అతికించారు. మూడోది ఏమిటన్నది చెప్పినవాళ్లని బట్టి మారుతుంది. ఆ ఫిల్ము ఇప్పుడు లేదు. ముఖం మారకపోయినా చూసేవాళ్లకి ఒకచోట ఆకలి, ఒకచోట దుఃఖం కనిపించాయని చెబుతారు. మరో ప్రయోగంలో ఇద్దరు మాస్కో వీధుల్లో కలుసుకుని, వాషింగ్టన్‌లోని వైట్‌హౌస్ వంక చూసి, మాస్కోలోని ఒక చర్చి మెట్లెక్కుతారు. ఇంకోదాంట్లో ఒకరి కళ్లూ, ఒకరి పెదాలూ, ఒకరి కాళ్లూ కలిపి లోకంలో లేని స్త్రీని తయారుచేశారు. ఈ రోజు ఏ దేశంలో సినిమా చదువుకున్నా మొదటి ఏడాదిలోనే ఈ పాఠం వస్తుంది.

ఆయన శిష్యుల్లో పుదోవ్‌కిన్ అంతకుముందు రసాయన శాస్త్రం చదివి ల్యాబులో పనిచేసినవాడు, బార్నెట్ బాక్సింగ్ ఆడినవాడు. ఐజెన్‌స్టైన్ కూడా కొన్ని నెలలు ఆయన దగ్గర నేర్చుకున్నారు. 1924లో ఈ బృందమంతా కలిసి ‘మిస్టర్ వెస్ట్’ అనే హాస్య చిత్రం తీసింది. 1926లో జాక్ లండన్ కథతో ‘చట్టప్రకారం’ తీశారు. ఒక చెక్క ఇల్లు, కొద్దిమంది నటులు, చుట్టూ వరద నీళ్లు, అంతే. అతి తక్కువ ఖర్చుతో తీసిన ఆ సినిమాని ఆయన చిత్రాల్లో మేలైనదిగా ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సరికి ఐజెన్‌స్టైన్, పుదోవ్‌కిన్‌ల పేర్లు ప్రపంచమంతా మోగుతున్నాయి. గురువు పేరు వాళ్ల వెనక్కి వెళ్లింది. అయినా 1929లో ఆయన పుస్తకం వచ్చినప్పుడు పుదోవ్‌కిన్‌తో సహా పాత శిష్యులు ముందుమాట రాసి, తమ పనికి పునాది ఈయనదేనని ఒప్పుకున్నారు.

తర్వాత రోజులు బాగాలేవు. ఆయన భార్య, నటి అలెక్సాంద్రా ఖోఖ్లోవా అందగత్తె కాదని స్టూడియోలు వద్దన్నాయి. ఆవిడ ప్రతిభ మీద ఆయన పట్టు సడలించలేదు. సారం వదిలి రూపం పట్టుకు వేలాడుతున్నాడన్న నింద పడింది. స్టాలిన్ కాలంలో అది చిన్న నింద కాదు. 1933లో, రచయిత ఓ. హెన్రీ జైలు జీవితం ఆధారంగా ‘గొప్ప ఓదార్పుకర్త’ తీశారు. ఆ తర్వాత అవకాశాలు తగ్గిపోయాయి. చివరి సినిమా 1943లో వచ్చింది. అప్పటికాయనకి నలభై నాలుగేళ్లు.

సినిమా తీయడం ఆగింది కానీ పాఠం ఆగలేదు. 1941లో దర్శకత్వం నేర్చుకునేవాళ్ల కోసం పెద్ద పాఠ్యపుస్తకం రాశారు. 1944లో అదే సినిమా విద్యాలయానికి అధిపతి అయ్యారు. ఆ పదవి దిగాక కూడా పాఠాలు చెబుతూనే ఉన్నారు. 1970 మార్చి 29న మాస్కోలో పోయారు.

సినిమాకి చదువేమిటన్న నా ప్రశ్నకి జవాబు ఈ జీవితంలో దొరికింది. పరికరం చేతికొచ్చాక పని ఎవరైనా నేర్పగలరు. పరికరం లేనప్పుడు ఆలోచన నేర్పేవాళ్లుండాలి, దానికే బడి. ఈ మాట మా అమ్మాయితో చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

మొదటి ఏడాది అభ్యాసానికి తను నన్నే వాడుకుంది. మా డాబా మీద నిలబెట్టి పైకి చూడమంది. టవర్‌ని ఎక్కడో తీసుకుంది. కలిపి చూపిస్తే నేను ఆ టవర్‌ని ఎంతో ఆపేక్షగా చూస్తున్నట్టుంది. సర్వీసులో ఎన్నో టవర్లు చూశాను కానీ, ఆ టవర్‌ని మాత్రం ఇప్పటికీ చూడలేదు. మన మాస్టారు ఉండి ఉంటే ఈ సంగతి ఆయనకి చెప్పి నవ్వించేవాణ్ణి.