యూనిట్‌గా మారిన మనిషి

న్యూటన్ అనగానే చాలామందికి ఆపిల్ పండు గుర్తుకొస్తుంది. నాకు మాత్రం డైన్లని న్యూటన్లుగా, న్యూటన్లని కిలోగ్రాము భారాలుగా మార్చే లెక్కలే గుర్తుకొస్తాయి. అలా మార్చి మార్చి విసుగెత్తి, అసలీ పేరుగల మనిషి ఎలా బతికాడా అని చదవడం మొదలుపెట్టాను.

పాత ఇంగ్లీషు కాలెండరు ప్రకారం 1642 క్రిస్మస్ నాడు, వూల్స్‌థోర్ప్ అనే పల్లెలో, తండ్రి పోయాక పుట్టాడు. మూడేళ్ల పిల్లవాణ్ణి అమ్మమ్మ దగ్గర వదిలి తల్లి మారుమనువు చేసుకుంది. 1661లో కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో చేరి, పైవాళ్ల పనులు చేసిపెడుతూ చదువుకున్నాడు. 1665లో ప్లేగు వచ్చి యూనివర్సిటీ మూసేశారు. కాలేజీ మూసేస్తే మనమేం చేస్తామో చెప్పక్కర్లేదు! ఆయన ఊరికెళ్లి గణితంలో మునిగాడు.

ఆ దరిదాపుల్లోనే చంద్రుణ్ణి భూమి ఎంత బలంగా లాగుతోందో లెక్కగట్టాడు. భూగోళం మీద ఒక డిగ్రీకి 60 మైళ్లనుకున్నాడు. నిజానికి సుమారు 69. లెక్క ఉజ్జాయింపుగానే కుదిరింది. తర్వాత పికార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు భూమిని జాగ్రత్తగా కొలిచాడు. 1687లో వెలువడిన ‘ప్రిన్సిపియా’లో ఆ కొలతతో, పారిస్ అడుగుల్లో చేసిన లెక్క చక్కగా సరిపోయింది. సూత్రం అదే, మారింది కొలత.

చిత్రమేమిటంటే, బలానికి నిర్వచనమిచ్చిన ఆ గ్రంథంలో బలానికి యూనిట్ లేదు. అంతా నిష్పత్తులే. మీటరూ కిలోగ్రామూ అప్పటికింకా పుట్టలేదు.

1696లో లండన్ టంకశాలకి వెళ్లి, అంచులు కత్తిరించిన వెండి నాణేలని కరిగించి కొత్తవి పోయించే పని చూశాడు. అక్కడ గింజెత్తు తూకం తేడా కూడా డబ్బే. 1705లో సర్ బిరుదు వచ్చింది. 1727లో కన్నుమూశాడు.

బలం యూనిట్‌కి ఆయన పేరు స్థిరపడింది 1948లో, అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభలో. 1 న్యూటన్ అంటే 1,00,000 డైన్లు. కిలోగ్రాము భారం 9.80665 న్యూటన్లు, పౌండు భారం 4.448 న్యూటన్లు.

ఈ చివరి అంకె పరీక్షలో అర మార్కు విషయం అనుకునేవాళ్లకి ఒక్క మాట. 1999లో అమెరికావారి అంగారక నౌక ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ గ్రహం చేరగానే నాశనమైంది. దాని చిన్న రాకెట్ల తోపుని ఒక బృందం పౌండ్లలో లెక్కగట్టి ఇస్తే, రెండో బృందం న్యూటన్లనుకుని వాడుకుంది. అంకె పక్కన యూనిట్ ఏమిటని ఎవరూ గట్టిగా అడగలేదు.

జూనియర్లూ, ప్రతి లైనులోనూ యూనిట్ రాయండి. చివర్లో రాద్దాంలే అనుకోకండి.