దోర్నకల్ అజరయ్య గారు: ఊరి సంఘమే సాక్షి

మన హుల్సూరు తెలుగు కుటుంబాల్లో పెద్దవారికి దోర్నకల్ పేరు కొత్త కాదు. 1956లో బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసేవరకు మనమూ దోర్నకల్ వారూ ఒకే హైదరాబాదు రాజ్యం వాళ్లం. ఆ దోర్నకల్‌ను లోకానికి తెలియజేసిన బిషప్ వేదనాయగం సామ్యేలు అజరయ్య గారు పుట్టింది మాత్రం తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాళన్‌విళై గ్రామంలో, 1874లో. ఆయన మాతృభాష తమిళం.

తండ్రి గురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేశారు. విదేశీ మిషనరీల డబ్బు మీద ఆధారపడకుండా మనవాళ్లే సువార్త పని చేయాలని 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు ముందు నిలిచారు. ఇతరులను పంపి తాను ఊరుకోలేదు. 1909లో గురువుగా దోర్నకల్ వచ్చి, మొదట గుడారంలో కాపురం పెట్టి, ముప్పై అయిదో ఏట తెలుగుతో కుస్తీ పట్టారు. కన్నడ నాట బతుకుతూ తెలుగు నిలుపుకుంటున్న మనకు ఆ కష్టం బాగానే తెలుసు.

1910లో ఎడిన్‌బరో మహాసభలో ఆయన చేసిన ప్రసంగం చాలామంది దొరలకు నచ్చలేదు. మిషనరీలు భారతీయులకు మేలు చేస్తున్నారు కానీ స్నేహితులుగా చూడడం లేదని ఎదుటే చెప్పారు. రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే.

ఆయన పద్ధతిలో అసలు విషయం, ప్రచారం జీతగాళ్ల పని కాకపోవడం. బాప్తిస్మం పొందినవారు తమ తల మీద తమ చేయి పెట్టుకొని, సువార్త చెప్పే బాధ్యత తమదేనని పౌలు మాటతో ఒప్పుకునేవారు. ఏటా సాక్ష్య వారంలో కూలీలు, రైతులు, ఆడవాళ్లు గుంపులుగా పక్క ఊళ్లకు పాటలు పాడుతూ వెళ్లేవారు. చదువు రానివారే ఎక్కువ. ఆడవాళ్లు వంటకు ముందు పిడికెడు బియ్యం సంఘానికి తీసి పెట్టేవారు, కోతల పండుగకు ధాన్యం, కోళ్లు తెచ్చేవారు. దోర్నకల్‌లో పల్లె ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చేటప్పుడు వారి భార్యలకూ చదువు చెప్పేవారు.

విశ్వాసుల్లో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఈ ఇద్దరి మధ్య ఉన్న దూరం గుడిలోకీ వచ్చింది. ఒకే గిన్నెలో ప్రభు భోజనం పుచ్చుకోమంటే వెనుదీసినవారున్నారు. అజరయ్య గారు ఆ విషయంలో పట్టు విడవలేదు. నాకు ఆయనలో అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఇదే, ఎందుకంటే దీనివల్ల ఆయన తనవాళ్లనే నొప్పించవలసి వచ్చింది. తాగుడు మాని, పిల్లలను బడికి పంపి, శుభ్రంగా బతుకుతున్న ఈ పేదలను చూసి, 1930 తర్వాత అదే ఊళ్ల రైతు కులాలవారు కూడా వేల సంఖ్యలో సంఘంలో చేరారు. చెప్పిన మాట కన్నా పక్కింటివారి బతుకు ఎక్కువ పని చేసింది.

మత మార్పిడులను గాంధీగారు గట్టిగా వ్యతిరేకించిన రోజులవి. అజరయ్య గారు తన పని మానలేదు. అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలన్నవారితోనూ ఆయన కలవలేదు. సంఘం ఓట్ల లెక్క కాకూడదని ఆయన అభిప్రాయం.

గుడి స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల తీరు కలిపి కట్టించిన దోర్నకల్ కెథడ్రల్‌ను డబ్బు లేక ఏళ్ల తరబడి లేపి, 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. 1919లో తరంగంబాడి సమావేశం నుంచి ఆయన పాటుపడిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడింది. దోర్నకల్ అందులో ఒక అధ్యక్ష మండలం అయింది.