ఒలెగ్ లోసెవ్

ఒలెగ్ వ్లాదిమిరోవిచ్ లోసెవ్ (మే 10, 1903 - జనవరి 22, 1942) రష్యాకు చెందిన రేడియో ఇంజనీరు, అర్ధవాహక పరిశోధకుడు. స్ఫటికం గుండా విద్యుత్తు ప్రవహించినపుడు వెలువడే చల్లని కాంతిని క్రమపద్ధతిలో పరిశోధించి, దాని ఉపయోగాన్ని ఊహించిన మొదటి వ్యక్తిగా ఇతనిని పేర్కొంటారు. ఆ కాంతి ఆధారంగా తయారైన కాంతి ఉద్గార డయోడ్ (ఎల్ఈడీ) నేడు కంప్యూటరు నెట్‌వర్క్ పోర్టులపై వెలిగే చిన్న దీపాలు మొదలుకొని వీధి దీపాల వరకు అన్నిటా కనిపిస్తుంది. లోసెవ్ మాత్రం లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలితో 38 ఏళ్ళకే మరణించాడు.

బాల్యం

లోసెవ్ మాస్కోకు వాయవ్యంగా ఉన్న ట్వేర్ నగరంలో ఒక కులీన కుటుంబంలో జన్మించాడు. విద్యార్థిగా ఉన్నపుడు అక్కడి సైనిక రేడియో కేంద్రం అధికారి ఇచ్చిన ఉపన్యాసం విని రేడియోపై మక్కువ పెంచుకున్నాడు. 1920లో పాఠశాల విద్య ముగిసింది. రష్యా విప్లవం తరువాత కులీన కుటుంబాలవారికి పైచదువుల ద్వారాలు దాదాపు మూసుకుపోయాయి. అందువలన అతడు నిజ్నీ నోవ్‌గోరోద్ రేడియో ప్రయోగశాలలో చిన్న ఉద్యోగంలో చేరాడు. మొదట్లో అతని పని కాగితాలు, సామాను అటూ ఇటూ చేరవేయడమే. భౌతిక శాస్త్రవేత్త వ్లాదిమిర్ లెబెదిన్‌స్కీ ఇతని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించాడు.

క్రిస్టడైన్

ఆ రోజుల్లో రేడియో సంకేతాలను పట్టడానికి స్ఫటికంపై సన్నని లోహపు తీగ మొనను ఆనించి వాడేవారు. అది సంకేతాన్ని విడదీయగలదు గాని పెంచలేదు. పెంచాలంటే ఖరీదైన రేడియో వాల్వులు కావాలి. అంతర్యుద్ధం వలన చితికిపోయిన దేశంలో అవి దొరకడమే కష్టం. లోసెవ్ వివిధ స్ఫటికాలలో విభవాంతరం మారినపుడు విద్యుత్ ప్రవాహం ఎలా మారుతుందో ఓపికగా కొలుస్తూ పోయాడు. 1922లో జింకైట్ (జింకు ఆక్సైడు ఖనిజం) లో ఒక విచిత్రాన్ని గమనించాడు. ఒక మేర తరువాత విభవాంతరం పెంచితే విద్యుత్ ప్రవాహం పెరగడానికి బదులు తగ్గుతున్నది. దీనినే ఋణ నిరోధం అంటారు. ఈ ధర్మం ఉన్న వస్తువుతో సంకేతాన్ని పెంచవచ్చు, కొత్త తరంగాలను పుట్టించవచ్చు కూడా. లోసెవ్ ఆ రెండూ చేసి చూపాడు.

ఇది వాల్వులు లేని రేడియో! 1924లో అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బాక్ నడిపే రేడియో పత్రిక దీనిని గొప్ప ఆవిష్కరణగా ప్రకటించి "క్రిస్టడైన్" అని పేరు పెట్టింది. అయితే స్ఫటికంపై సరియైన చోటును తీగ మొనతో వెదకి పట్టుకోవడం కష్టం, పట్టుకున్నా కదిలితే పోతుంది. ఈలోగా వాల్వులు మెరుగుపడి, చౌకబడి, క్రిస్టడైన్‌ను మరుగున పడవేశాయి. ట్రాన్సిస్టర్ రావడానికి ఇంకా రెండు దశాబ్దాలకు పైగా ఉన్నదని గుర్తుంచుకుంటే దీని విలువ బోధపడుతుంది.

చల్లని కాంతి

కార్బోరండం (సిలికాన్ కార్బైడ్) స్ఫటికాలను పరీక్షిస్తుండగా 1923లో తీగ ఆనిన చోట మసక వెలుగు కనిపించింది. ఇటువంటి వెలుగును ఇంగ్లండులో హెన్రీ రౌండ్ 1907లోనే చూసి ఒక చిన్న గమనికగా ప్రచురించాడు, కాని అక్కడే ఆగాడు. లోసెవ్ ఆగలేదు.

మొదట తేల్చవలసినది, ఆ వెలుగు వేడి వలన వచ్చినదా, కాదా అన్నది. మామూలు బల్బులో తీగ ఎర్రగా కాలి వెలుగు ఇస్తుంది. లోసెవ్ మెరిసే స్ఫటికంపై బెంజీన్ చుక్క వేసి అది ఎంతసేపటిలో ఆవిరౌతుందో చూశాడు. వెలుగు ఉన్నా లేకున్నా ఒకే సమయం పట్టింది. అంటే అది కాలిపోవడం వలన వచ్చిన కాంతి కాదు. దీనికోసం ఖరీదైన పరికరమేదీ అక్కరలేదు, ఒక్క చుక్క ద్రవం చాలు. విద్యుత్ ప్రవాహ దిశను బట్టి రెండు రకాల వెలుగు వస్తున్నదనీ, ప్రవాహాన్ని ఆపితే వెలుగు వెంటనే ఆగుతున్నదనీ కనుగొన్నాడు. కాంతి లోహంనుండి ఎలక్ట్రాన్లను వెలువరించే క్రియను ఐన్‌స్టీన్ 1905లో వివరించాడు. ఈ వెలుగు దానికి తలక్రిందులైన క్రియ అని లోసెవ్ అభిప్రాయం. ఈ విషయమై ఐన్‌స్టీన్‌కు ఉత్తరం వ్రాశాడనీ, జవాబు రాలేదనీ చెబుతారు.

1927లో పరిశోధన ఫలితాలు రష్యన్ పత్రికలోనూ, 1928లో ఇంగ్లండులోని ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లోనూ వెలువడ్డాయి. 1927లోనే "కాంతి రిలే" పేరుతో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. వేగంగా వెలిగి ఆరే ఈ కాంతితో టెలిగ్రాఫు, టెలిఫోను సంకేతాలను పంపవచ్చునని అందులో ఉన్నది.

లెనిన్‌గ్రాడ్‌లో

1928లో నిజ్నీ నోవ్‌గోరోద్ ప్రయోగశాల పని లెనిన్‌గ్రాడ్‌కు తరలించబడింది. లోసెవ్ కూడా అక్కడికి వెళ్ళాడు. 1937 నుండి వైద్య విద్యాసంస్థలో భౌతికశాస్త్ర విభాగంలో పనిచేశాడు. విశ్వవిద్యాలయ పట్టా లేని ఇతనికి 1938లో అబ్రామ్ యోఫె నాయకత్వంలోని భౌతిక-సాంకేతిక సంస్థ, సిద్ధాంత వ్యాసంతో పని లేకుండానే, కాండిడేట్ పట్టాను ఇచ్చింది. 1941 సెప్టెంబరులో జర్మనీ సేనలు నగరాన్ని చుట్టుముట్టాయి. ఆ శీతాకాలంలో ఆహారం లేక లక్షలాది పౌరులు చనిపోయారు. 1942 జనవరి 22న లోసెవ్ ఆ సంస్థ ఆసుపత్రిలోనే కన్నుమూశాడు.

ఎల్ఈడీ, నెట్‌వర్క్ పోర్టు దీపం

లోసెవ్ చూసిన వెలుగుకు పూర్తి వివరణ 1951లో వచ్చింది. అమెరికాలో కుర్ట్ లెహోవెక్ బృందం అది పి-ఎన్ సంధి వద్ద ఎలక్ట్రాన్లు, రంధ్రాలు కలియడం వలన వస్తున్నదని చూపింది. 1962లో నిక్ హోలోన్యాక్ ఎర్రని ఎల్ఈడీని తయారుచేశాడు. తక్కువ విద్యుత్తుతో ఏళ్ళ తరబడి వెలిగే ఈ దీపం యంత్రాల స్థితిని తెలిపేందుకు సరిగ్గా సరిపోయింది.

కంప్యూటరుకు తీగతో వచ్చే ఈథర్నెట్ పోర్టుపై సాధారణంగా రెండు దీపాలుంటాయి. వాటిలో లింకు దీపాన్ని తీగలోని విద్యుత్తు నేరుగా వెలిగిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దానిని వెలిగించేది పోర్టు వెనుకనున్న చిప్పు. 1990లో ప్రమాణీకరించిన 10 మెగాబిట్ పద్ధతిలో, పంపడానికి సమాచారమేదీ లేనపుడు ప్రతి కొస నుండి సుమారు 16 మిల్లీసెకన్లకు ఒక చిన్న స్పందన వెళుతుంది. అవతలి కొస స్పందనలు అందుతున్నంతసేపూ చిప్పు దీపాన్ని వెలిగించి ఉంచుతుంది. కొద్దిసేపు అందకపోతే ఆర్పుతుంది. పంపేందుకు, అందుకునేందుకు వేర్వేరు తీగల జంటలు ఉన్నందున, ఒక జంట తెగితే ఒక కొసన దీపం వెలిగి రెండవ కొసన వెలగకపోవచ్చు. తరువాతి వేగవంతమైన పద్ధతులలో రెండు కొసలూ స్పందనల గుంపుల ద్వారా వేగాన్ని ముందుగా నిర్ణయించుకుంటాయి.

రెండవ దీపం సమాచారం కదిలినపుడు మిణుకుమిణుకుమంటుంది. 100 మెగాబిట్ వేగంలో 64 బైట్ల సమాచారం 5.12 మైక్రోసెకన్లలో దాటిపోతుంది. ఎల్ఈడీ అంత త్వరగానూ వెలిగి ఆరగలదు, కాని కంటికి అది తెలియదు. అందుకే చిప్పు ఆ మెరుపును మిల్లీసెకన్ల వరకు సాగదీసి చూపిస్తుంది.