బ్రౌను – వేమన పద్యము

తెలుగునాట వేమన పద్యము రాని బాలుడు అరుదు. లోకుల డంబమును, కపటమును నవ్వించుచు ఖండించిన ఆ పద్యములను ఒకప్పుడు పండితులు చులకనగా చూచిరి. వానిని వెదకి, పరిష్కరించి, అచ్చు వేయించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను అను ఆంగ్లేయుడు.

బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించెను. 1817లో మద్రాసు చేరి, కంపెనీ కొలువునకై తెలుగు నేర్చి, 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చెను. కొంతకాలమునకు ఆయన మనస్సు వేమనపై నిలిచెను. తాటాకు ప్రతులు తెప్పించి చూడగా, ప్రతికిని ప్రతికిని పాఠము మారుచుండెను. వ్రాయసకాండ్రు కొన్ని అక్షరములు విడిచిరి, కొన్ని చేర్చిరి. ఏది కవి మాటయో, ఏది వ్రాతతప్పో తెలియుట యెట్లు?

అట్టి చిక్కులో ఛందస్సే దారి చూపును. వేమన పద్యములలో హెచ్చుభాగము ఆటవెలదులు. ఆటవెలది యొక్క 1, 3 పాదములలో మూడు సూర్యగణములును, రెండు ఇంద్రగణములును ఉండును. 2, 4 పాదములలో అయిదును సూర్యగణములే. ప్రతి పాదమునను నాల్గవ గణము మొదట యతి గాని ప్రాసయతి గాని కుదురవలెను. ఒక్క అక్షరము జారినను గణము చెడును. అక్షరము మారినచో యతి తప్పవచ్చును. రెండు పాఠములును ఛందస్సునకు సరిపడినచో, అర్థమును బట్టియే నిర్ణయింపవలెను.

ఈ పద్యమునకు ప్రాసనియమము లేదు. నాలుగు పాదములందును రెండవ అక్షరము ఒకే హల్లు కానక్కరలేదు. అందుచే మాట వాడుకవలె తేలికగా నడచును. తరచుగా వేమన మొదటి రెండు పాదములలో విషయము చెప్పి, మూడవ పాదమున ఇంటిలోనో వీధిలోనో కనబడు వస్తువును ఉపమానముగా నిలుపును. నవ్వు అచ్చటనే పుట్టును. నాల్గవ పాదము మకుటము.

బ్రౌను ఈ లక్షణములను శ్రద్ధతో అభ్యసించి, 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సులను గూర్చి ఆంగ్లమున గ్రంథము ప్రకటించెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ముద్రింపించెను. అందు నీతి, వేదాంతములతో పాటు హాస్యమునకును చోటు కల్పించెను. 1839లో మరికొన్ని పద్యములు చేర్చి మరల వెలువరించెను. ఆయన నిఘంటువు 1852లో వెలువడెను. తుదకు స్వదేశమేగి, 1884లో లండనులో మరణించెను.

కడపలో బ్రౌను బంగళా ఉన్న చోట నేడు ఆయన పేర గ్రంథాలయము కలదు. హైదరాబాదు, సికిందరాబాదులను కలుపు టాంకుబండుపై వేమన విగ్రహము నిలిచియున్నది. చులకనైన పద్యమునందును అక్షరమక్షరము లెక్కించి చూచిన ఓర్పు బ్రౌను మనకు చూపిన మార్గము.